ఆ ఐదు గంటల నలభై నిమిషాలు ఖాళీగానే ఉండనివ్వండి

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో బస్ టికెట్ల సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్లాట్‌ఫామ్ టీమ్‌లో పనిచేస్తున్నాను. చేరి రెండేళ్ళయింది. చాలామంది ట్రావెల్స్ వాళ్ళు మా సాఫ్ట్‌వేర్ మీదే టికెట్లు అమ్ముకుంటారు. సంక్రాంతి ముందు శనివారం రాత్రి 11:40కి సర్వర్ల లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందో అవి రాసుకునే లైన్లను) దాచి వెతికిపెట్టే మా ఎలాస్టిక్‌సెర్చ్ డిస్క్ నిండిపోయి లాగ్‌లు రావడం ఆగిపోయింది. ఎవరూ గమనించలేదు. తెల్లవారి 5:20కి టీమ్‌లో ఒక అన్న చూసి పాత ఇండెక్సులు (లాగ్‌ల కట్టలు) తీసేసి స్థలం చేశాడు. మధ్యలో ఒక్క లైనూ లేదు. మా సర్వర్లన్నీ అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ మీద, ప్రోగ్రామ్‌లను కంటైనర్లలో నడిపించే కుబర్నెటీస్‌లో నడుస్తాయి. ట్రావెల్స్ వాళ్ళతో 99.9 శాతం అప్‌టైమ్ (సిస్టమ్ ఆగకుండా నడిచే సమయం) ఒప్పందం ఉంది. నెలాఖరుకు ఆ రిపోర్ట్ ఇవ్వాలి, తర్వాతి వారం ఆడిటర్లు వస్తున్నారు. అంతకు ముందు శనివారం లాగ్‌ల తీరు చూసి, అచ్చం అలాంటి లైన్లే పుట్టించే స్క్రిప్ట్ రాసి ఆ ఖాళీ నింపమని మా లీడ్ చెప్పాడు. ‘సింథటిక్ డేటా (కృత్రిమంగా పుట్టించినది) ఇప్పుడు అందరూ వాడుతున్నదే, సర్వర్లు ఎలాగూ నడుస్తూనే ఉన్నాయి కదా’ అంటున్నాడు. స్క్రిప్ట్ రాశాను, బాగానే పనిచేస్తోంది. రన్ చేయడానికి మాత్రం చేతులు రావడం లేదు. వారం రోజులుగా ఒకటే టెన్షన్. నేను అతిగా ఆలోచిస్తున్నానా? సింథటిక్ లాగ్‌లు వాడటమే తప్పా?

— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మీరు అతిగా ఆలోచించడం లేదు. ఆ స్క్రిప్ట్‌ను ప్రొడక్షన్ (అసలు సిస్టమ్) ఇండెక్స్ మీద నడపకండి. అలాగని దాన్ని తీసిపారేయకండి కూడా. దానికి వేరే చోట మంచి పని ఉంది, అది తర్వాత చెబుతాను.

ముందు ఒక తొందర పని. ఏడబ్ల్యూఎస్ కొలతలు దాచే క్లౌడ్‌వాచ్‌లో నిమిషానికొకటి చొప్పున ఉండే లెక్కలు 15 రోజులే ఉంటాయి. ఆ తర్వాత అవి ఐదేసి నిమిషాలకు ఒకటిగా కుదించుకుపోయి 63 రోజుల దాకా, ఆ పైన గంటకొకటిగా 455 రోజుల దాకా మిగులుతాయి. ఆ రాత్రి మీ లోడ్ బ్యాలెన్సర్‌కు (వచ్చే రిక్వెస్టులను సర్వర్లకు పంచేదానికి) నిమిషానికి ఎన్ని రిక్వెస్టులు వచ్చాయో, వాటిలో ఎన్నింటికి 500 వరస ఎర్రర్లు (సర్వర్ వైపు తప్పులు) వెళ్ళాయో అక్కడ ఉంటుంది. ఎలాస్టిక్‌సెర్చ్ ఆగినా ఆ లెక్కలకు ఏమీ కాదు, అవి వచ్చే దారి వేరు. వెంటనే వాటిని దించుకుని భద్రపరచండి. గడువు దాటిపోకూడదనే ఈ జవాబును అచ్చుకు ఇచ్చే ముందే మీకు మెయిల్ చేశాను.

ఇప్పుడు అసలు విషయం. ‘సర్వర్లు ఎలాగూ నడుస్తూనే ఉన్నాయి కదా’ అన్నారు మీ లీడ్. ఆయనకు అది ఎలా తెలిసింది? లాగ్‌లు లేవు. పొద్దున చూసేసరికి సర్వర్లు నడుస్తున్నాయి, రాత్రి 11:40కి ముందూ నడుస్తున్నాయి. మధ్యలో కూడా నడిచి ఉంటాయన్నది ఒక నమ్మకం. బహుశా నిజమే కావచ్చు. కానీ మీ రిపోర్ట్ తేల్చాల్సిన ప్రశ్న సరిగ్గా అదే.

ఒకసారి లెక్క వేద్దాం. జనవరి నెలలో 44,640 నిమిషాలు. 99.9 శాతం ఒప్పందం అంటే నెల మొత్తం మీద సుమారు 44 నిమిషాల 40 సెకన్ల పాటు సిస్టమ్ ఆగినా పర్వాలేదని అర్థం. మీ ఖాళీ 340 నిమిషాలు. ఒప్పందం ఇచ్చిన వెసులుబాటుకు ఏడు రెట్ల పైనే. ఆ 340 నిమిషాల్లో ముప్పావు గంట సిస్టమ్ ఆగి ఉన్నా మీరు ఒప్పందం తప్పినట్టే. రాత్రంతా ఆగి ఉంటే నెల లెక్క 99.24 శాతానికి దిగుతుంది. మీ స్క్రిప్ట్ మాత్రం ప్రతి నిమిషానికీ ‘200’ (అంతా సవ్యం) అనే రాస్తుంది, ఎందుకంటే అది నేర్చుకున్న శనివారం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. దాన్ని నడిపిన క్షణంలో ట్రావెల్స్ వాళ్ళకు డబ్బు వెనక్కి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం జరిగిపోతుంది. ఆ నిర్ణయం తీసుకున్నది మీ స్క్రిప్ట్ అని ఎవరికీ తెలియదు. మీ చేతులు రాకపోవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తోంది.

పైగా ఆ రెండు శనివారాలూ ఒకటి కావు. పండగకు ముందు శనివారం రాత్రి హైదరాబాద్ నుంచి విజయవాడకో రాజమండ్రికో టికెట్ వెతుక్కునేవాళ్ళ తాకిడి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? డిస్క్ నిండడానికి కూడా ఆ తాకిడే కారణం అయ్యుండవచ్చు. ఏ రాత్రి సిస్టమ్ మీద ఎక్కువ భారం పడిందో ఆ రాత్రికే, మామూలు రాత్రి లైన్లు తెచ్చి అతికిస్తున్నాం.

సరే, నింపకపోతే మరి ఏం చేయాలి? నిజంగా ఏం జరిగిందో వేరే చోట్ల నుంచి ఏరుకురావాలి. లాగ్ పోయిందంటే అన్ని ఆనవాళ్ళూ పోయినట్టు కాదు. ఒక్క టికెట్ బుక్ అయితే అది పది చోట్ల గుర్తు వదులుతుంది.

కుబర్నెటీస్ తన డిఫాల్ట్ లెక్కలో ఒక్కో కంటైనర్‌కు 10 ఎంబీల ఫైళ్ళు ఐదింటిని మాత్రమే ఉంచుతుంది. సీట్లు వెతికే సర్వీసు లాంటిదైతే పండగ రోజుల్లో ఆ 50 ఎంబీలను ఇట్టే నింపి పాతవి చెరిపేసి ఉంటుంది, అది పోయినట్టే. కానీ తక్కువ మాట్లాడే సర్వీసులు ఉంటాయి. రీఫండ్లు చూసేది, రాత్రి ఒకటి రెండుసార్లే నడిచేవి. వాటి పాడ్‌లు (కంటైనర్లు నడిచే చిన్న గుంపులు) మళ్ళీ స్టార్ట్ కాకుండా ఉంటే ఆ రాత్రి లైన్లు నోడ్ (అవి నడిచే మెషీన్) మీద ఇంకా ఉండొచ్చు. లాగ్ ఫైళ్ళను చదివి ఎలాస్టిక్‌సెర్చ్‌కు పంపే ఫైల్‌బీట్ ఎక్కడిదాకా చదివిందో దాని రిజిస్ట్రీలో గుర్తుంటుంది, ఫైలు మిగిలి ఉంటే అక్కడి నుంచి మళ్ళీ అందుకోగలదు. లోడ్ బ్యాలెన్సర్ యాక్సెస్ లాగ్‌లు ఎస్3లోకి (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్ళు దాచే చోటికి) పోయేలా ఎవరైనా పెట్టారేమో చూడండి. డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉంటుంది. కానీ ఒక్కోసారి పాత ఉద్యోగి ఎవరో ఆన్ చేసి పెట్టి వెళ్ళిపోతారు, ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మీ బుకింగ్ టేబుల్. ప్రతి టికెట్ పక్కనా అది పుట్టిన సమయం ఉంటుంది కదా. 11:40 నుంచి 5:20 వరకు వరుసగా తీసి, ఒక బుకింగ్‌కూ తర్వాతి బుకింగ్‌కూ మధ్య గరిష్ఠంగా ఎంత ఎడం ఉందో చూడండి. ఆ ఎడం రాత్రంతా రెండు మూడు నిమిషాలు దాటలేదంటే, అంతకంటే ఎక్కువసేపు బుకింగులు పూర్తిగా ఆగలేదని కాగితం మీద చూపించగలరు. ఎక్కడైనా ముప్పై నిమిషాల ఎడం ఉంటే అక్కడ ఆగి చూడాలి. అది జనం నిద్రపోయిన సమయమా, సిస్టమ్ నిద్రపోయిన సమయమా అన్నది లోడ్ బ్యాలెన్సర్ లెక్కలతో పోల్చితే తేలుతుంది. పోల్చేటప్పుడు సమయాలు జాగ్రత్త. క్లౌడ్‌వాచ్ లెక్కలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మీ టేబుల్ మన టైములో ఉండొచ్చు. ఐదున్నర గంటల తేడా, మీ ఖాళీ కూడా దాదాపు అంతే. సరిచూసుకోకపోతే తెల్లవారిన తర్వాతి సమయాన్ని చూస్తూ ఈ రాత్రి అనుకుంటారు.

తర్వాత పేమెంట్ గేట్‌వే వాళ్ళు పంపే సెటిల్‌మెంట్ ఫైల్ (అందిన డబ్బుల లెక్క) తెరవండి. డబ్బు కట్ అయి, మీ టేబుల్‌లో టికెట్ లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్ళే మీ నిజమైన ఎర్రర్ లాగ్. రాత్రి రెండింటికి ఫోన్ పట్టుకుని, డబ్బు పోయి టికెట్ రాక, అమ్మావాళ్ళింటికి ఎలా వెళ్ళాలో తెలియక కూర్చున్న మనిషి ఒకరు అందులో ఉన్నారనుకోండి. మీ స్క్రిప్ట్ ఆ నిమిషానికి కూడా అంతా సవ్యంగా ఉందనే రాస్తుంది. రేపు ఆయన కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, ‘మా రికార్డుల్లో ఏ సమస్యా లేదండీ’ అని అవతలి అమ్మాయి నమ్మకంగా చెబుతుంది.

ఇది ఊహించి చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట నేను పనిచేసిన ఒక చోట ఇలాగే రెండు గంటల లాగ్ పోయింది. మా టీమ్‌లో ఒకతను అంతకు ముందు వారం అదే రోజు, అదే సమయం లైన్లు తీసి, తేదీలు మార్చి అతికించాడు. ఎవరినీ మోసం చేయాలని కాదు, గ్రాఫ్ అతుకు లేకుండా ఉండాలని, ఆ సమస్య మీద తెరిచిన టికెట్ క్లోజ్ కావాలని. నాకు తెలుసు, నేనూ ఏమీ అనలేదు. కొన్ని నెలల తర్వాత ఒక ఖాతాదారు, ఆ రోజు తన వాలెట్‌లో డబ్బు పోయిందని ఫిర్యాదు చేశాడు. లాగ్ వెతికితే ఆ సమయంలో ఆయన లాగిన్ అయినట్టు ఉంది. ‘మీరే లాగిన్ అయి వాడుకున్నారు’ అని జవాబు రాసింది నేనే. రెండు నెలల పాటు ఆయన మళ్ళీ మళ్ళీ రాశాడు. చివరికి విసిగి కూర్చుని చూస్తే ఆ సెషన్ నంబర్ సరిగ్గా వారం ముందు కూడా ఉంది. రెండు వేర్వేరు రోజుల్లో ఒకే సెషన్ నంబర్ ఉండే వీలు లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆ అతికించిన లైన్ల సంగతి. డబ్బు తిరిగి ఇచ్చాం, క్షమాపణ చెప్పాం. కానీ ఆ రెండు నెలలు ఆయన్ను అబద్ధాలకోరుగా చూశాం. ఖాళీగా వదిలేసి ఉంటే ఆ రోజు ‘మా దగ్గర ఆ సమయం రికార్డు లేదు’ అని చెప్పి, వేరే దారుల్లో వెతికేవాళ్ళం. వారంలో తేలిపోయేది.

లాగ్ రాసినవాళ్ళే దాన్ని చదువుతారన్న హామీ లేదు. ఆరు నెలల తర్వాత మీరు వేరే కంపెనీలో ఉంటారు, మీ లీడ్ వేరే టీమ్‌లో ఉంటాడు. ఆ లైన్లను నిజమని నమ్మి చదివే మనిషికి చెప్పడానికి అప్పుడు ఎవరూ మిగలరు.

పాత రాతి శాసనాలు చదివి అచ్చు వేసేవాళ్ళ పద్ధతి ఒకటి నాకు చాలా ఇష్టం. రాయి పగిలి అక్షరాలు పోయిన చోట వాళ్ళు చుక్కలు పెడతారు. సందర్భాన్ని బట్టి అక్కడ ఏ అక్షరం ఉండాలో తెలిసినా, దాన్ని మామూలుగా కలిపేయరు. చదరపు బ్రాకెట్లలో పెట్టి, పక్కన నక్షత్రం గుర్తు వేసి, ఇది రాతి మీద లేదు, నేను చేర్చాను అని చదివేవాడికి తెలిసేలా అచ్చు వేస్తారు. శాసనాలను అచ్చు వేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాలు తిరగేస్తే ఈ గుర్తులు కనిపిస్తాయి. వందేళ్ళ తర్వాత ఇంకొకరు వచ్చి, అక్కడ ఉండాల్సింది వేరే అక్షరమని వాదించగలుగుతున్నారంటే ఆ గుర్తుల వల్లే. మీరు చేయాల్సింది కూడా సరిగ్గా అదే. డేటాబేస్ నుంచి, గేట్‌వే ఫైళ్ళ నుంచి ఏరి తెచ్చిన లెక్కలను అసలు లాగ్‌లలో కలపకండి. వేరే ఇండెక్స్‌లో పెట్టి, ప్రతి వరుసలోనూ ఇది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరు ఏ రోజు చేర్చారు అన్న రెండు ఫీల్డులు ఉంచండి. డ్యాష్‌బోర్డ్ మీద ఆ 340 నిమిషాల మీద బూడిద రంగు పట్టీ వేసి, ‘లాగ్‌లు అందలేదు, కారణం డిస్క్ నిండటం’ అని రాయండి. డ్యాష్‌బోర్డ్ గ్రాఫులు గీసే గ్రఫానాలో ఖాళీలను గీతతో కలిపే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. ఆ చిన్న గీత కూడా ఇలాంటి అబద్ధమే.

ఆడిటర్ల గురించి భయపడుతున్నారు కాబట్టి ఒక మాట. ఖాళీ ఉన్నందుకు ఆడిటర్ ఒక పేరా రాస్తారు, దాన్ని ఎలా సరిచేశారో అడుగుతారు, చూపిస్తారు, అయిపోతుంది. నింపిన ఖాళీ బయటపడితే మాత్రం వాళ్ళు ఆ ఒక్క రాత్రితో ఆగరు. మిగతా రాత్రుల్లో ఏవి నిజం అన్న ప్రశ్న మొదలవుతుంది, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. పైగా కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రంగా ఉంచాలి, గడియారాలు నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్ఐసీ) లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయంతో సరిపోయేలా ఉండాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం అయితే సర్వర్ లాగ్‌ను పేరుపెట్టి డాక్యుమెంట్ల కిందే చెబుతుంది. రేపు ఏ సైబర్ క్రైమ్ కేసులోనో పోలీసులు ఆ రాత్రి లాగ్ అడిగితే, అది నిజమైనదని మీ కంపెనీలో ఒకరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాల్సి వస్తుంది. ఆ సంతకం మీదే కావచ్చు. ఈ విషయంలో కంపెనీ లాయర్ చెప్పేది వినండి. నేను చెబుతున్నది మాత్రం ఇంత మాత్రమే: ఇది మీ టీమ్ లోపల తేల్చుకునే చిన్న విషయం కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. సింథటిక్ లాగ్‌లు వాడటమే తప్పా? కాదు. అవి లేకపోతే నాకు రోజు గడవదు. నిజంగా జరిగిన రోజు మీద పెడితేనే తప్పు. జరగబోయేదానికి సిద్ధం కావడానికి వాడితే అంత ఉపయోగపడేది ఇంకొకటి లేదు.

నిజమైన లాగ్‌లలో గొడవలు చాలా తక్కువ కాబట్టి ఈ అవసరం వస్తుంది. లాగ్‌ల మీద పరిశోధన చేసేవాళ్ళంతా వాడే హెచ్‌డీఎఫ్‌ఎస్ (ఫైళ్ళను ముక్కలు చేసి చాలా మెషీన్ల మీద దాచే వ్యవస్థ) డేటాసెట్ ఒకటుంది. 203 మెషీన్ల నుంచి తీసిన 1,11,75,629 లైన్లు. వాటిలోని 5,75,061 బ్లాకుల్లో (ఫైలు ముక్కల్లో) తేడా ఉన్నవి 16,838, అంటే సుమారు 2.9 శాతం. అదీ పరిశోధన కోసం పేర్చిన డేటా. మీ సిస్టమ్‌లో పేమెంట్ గేట్‌వే ఆగిపోవడం ఏడాదికి ఎన్నిసార్లు జరుగుతుంది? రెండో మూడో. ఆ మూడుసార్ల కోసం రాసిన అలర్ట్ సరిగ్గా మోగుతుందో లేదో తెలుసుకోవడానికి నాలుగోసారి దాకా ఆగలేం కదా. ఆ గొడవ లైన్లను మనమే పుట్టించి టెస్ట్ క్లస్టర్‌లోకి (పరీక్షల కోసం విడిగా పెట్టిన సర్వర్లలోకి) వదలాలి. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పడానికి, లాగ్ ఫార్మాట్ మారితే పార్సర్ (లైన్లను విడగొట్టి చదివేది) విరుగుతుందేమో చూడటానికి, పండగ తాకిడికి ఎలాస్టిక్‌సెర్చ్ ఎన్ని రోజుల్లో నిండుతుందో ముందే లెక్కేయడానికి కూడా ఇవే వాడతాం. నిజమైన లాగ్‌లలో ప్రయాణికుల ఫోన్ నంబర్లు, పేర్లు ఉంటాయి. వాటిని బయటి వెండర్‌కు నమూనాగా పంపేకంటే పుట్టించినవి పంపడం వెయ్యి రెట్లు మేలు.

అయితే వీటిని బాగా పుట్టించడం కష్టం. మీ స్క్రిప్ట్ బాగానే పనిచేస్తోందన్నారు. చూడటానికి బాగుండటం ఒకటి, నిజంలా ప్రవర్తించడం ఒకటి. దీనికి అందరూ చెప్పుకునే ఉదాహరణ ఒకటుంది. అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ డార్పా కోసం ఎంఐటీ లింకన్ లేబొరేటరీ 1998, 1999ల్లో నెట్‌వర్క్ దాడులను పట్టే సాఫ్ట్‌వేర్లను పరీక్షించడానికి కృత్రిమ డేటా తయారు చేసింది. దాని మీద ఎన్నో పద్ధతులు మంచి మార్కులు తెచ్చుకున్నాయి. 2003లో మాహొనీ, చాన్ అనే ఇద్దరు పరిశోధకులు 1999 డేటాను విప్పి చూశారు. నెట్‌వర్క్‌లో వెళ్ళే ప్రతి ప్యాకెట్‌లో (డేటా ముక్కలో) అది ఇంకా ఎన్ని మజిలీలు దాటొచ్చో చెప్పే టీటీఎల్ అని ఒక సంఖ్య ఉంటుంది, దాడికీ దానికీ సంబంధం ఉండనవసరం లేదు. ఆ డేటాలో 126, 253 అన్న విలువలు దాడుల్లో మాత్రమే ఉన్నాయి. మామూలు ట్రాఫిక్‌లో ఎక్కువగా ఉన్నవి 127, 254. దాడులు పుట్టించిన ఏర్పాటు వేరు కావడంతో ఆ తేడా వచ్చింది. అంటే ఆ ఒక్క సంఖ్య చూసుకున్నా దాడిని పట్టేయొచ్చు, నిజమైన నెట్‌వర్క్‌లో ఆ తెలివి దేనికీ పనికిరాదు. డేటా తయారు చేసినవాళ్ళ చేతి ముద్ర కూడా డేటాలో పడుతుంది, మెషీన్ లెర్నింగ్ మోడల్ ముందు దాన్నే నేర్చుకుంటుంది.

మీ స్క్రిప్ట్‌లో కూడా అలాంటిది ఉందేమో చూసుకోండి. లైన్లు సెకన్ల లెక్కన సమానంగా పరుచుకున్నాయా? నిజమైన జనం గుంపుగా వస్తారు. తత్కాల్ టికెట్లకు ఏసీ వాళ్ళు పది గంటలకు, మిగతావాళ్ళు పదకొండుకు ఎలా ఎగబడతారో తెలుసు కదా. అక్కడ దొరకనివాళ్ళంతా వెంటనే బస్సుల వైపు తిరుగుతారు. ఒక సర్వీసు నెమ్మదిస్తే దాన్ని పిలిచేవి మళ్ళీ మళ్ళీ పిలుస్తాయి, ఆ రీట్రైలతో భారం ఇంకా పెరుగుతుంది, కొద్దిసేపటికి మూడో సర్వీసులో ఎర్రర్లు మొదలవుతాయి. ఈ ఒకదాని వెంట ఒకటి పడే క్రమం లేకపోతే, విడివిడిగా ఎన్ని లక్షల లైన్లు పుట్టించినా అలర్ట్‌కు సరైన పరీక్ష కాదు. ఒకే ట్రేస్ నంబర్ (ఒక రిక్వెస్టును మొదటి నుంచి చివరిదాకా గుర్తుపట్టే నంబర్) సీట్ల సర్వీసు నుంచి పేమెంట్ దాకా, అక్కడి నుంచి ఎస్ఎంఎస్ దాకా అదే వరుసలో వెళ్ళాలి. చాట్‌బాట్‌ను అడిగి లైన్లు రాయించుకోవచ్చా అని అడిగేవాళ్ళున్నారు. అది ఒక్కో లైనును చక్కగా రాస్తుంది, లైన్ల మధ్య సంబంధాన్ని మాత్రం తరచూ తప్పుతుంది. నా మటుకు నేను, టెస్ట్ సిస్టమ్‌ను నిజంగా నడిపి, గేట్‌వే కనెక్షన్‌ను నిజంగా తెంపి, అది తనంతట తాను రాసే లాగ్‌లనే ఎక్కువ నమ్ముతాను. కే6, లోకస్ట్ లాంటి టూల్స్‌తో భారం మోపితే చాలు. అది సింథటిక్ ట్రాఫిక్, కానీ లాగ్ నిజమైనది.

ఏది పుట్టించినా, ప్రతి లైనులోనూ ‘సింథటిక్’ అని ఒక ఫీల్డ్ ఉండాలి, ఇండెక్స్ పేరులోనే ఆ సంగతి తెలియాలి, ప్రొడక్షన్‌లోకి రాసే అనుమతి ఆ స్క్రిప్ట్ వాడే ఖాతాకు ఉండకూడదు. ఫోన్ నంబర్లు ఊరికే పది అంకెలు కలిపి పెట్టేయకండి, అది ఎవరో ఒకరి నంబరే అయ్యుండొచ్చు. రద్దీ అంచనా వేసే మోడల్‌కు ఖాళీ లేని వరుస కావాలంటే, దాని కోసం తీసుకున్న కాపీలో అంచనా విలువలు నింపుకోండి. నింపిన నిమిషాలకు పక్కన గుర్తు పెట్టండి, అసలు డేటాను ముట్టుకోకండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించే సంగతి. మీ లీడ్ ‘సింథటిక్ లాగ్‌తో ఖాళీ నింపుదాం’ అన్న మాటలో ఒక మంచి ఆలోచన తలకిందులుగా ఉంది. ప్రొడక్షన్‌లోకి కృత్రిమ లైను పంపడం సబబైన సందర్భం ఒకటుంది, అయితే అది ఖాళీ రాకముందు పంపాలి. ప్రతి సర్వర్ నుంచి నిమిషానికొక లైను: ‘నేను బతికే ఉన్నాను, ఇది నా 48,213వ కబురు.’ అది తానేమిటో తానే చెప్పుకుంటుంది, కాబట్టి అందులో అబద్ధం లేదు. వరస నంబర్ ఉండటం వల్ల ఖాళీ తర్వాత 48,213 నుంచి 48,554కి దూకితే, సర్వర్ బతికే ఉంది, 340 కబుర్లు దారిలో పోయాయి అని తెలుస్తుంది. మళ్ళీ ఒకటి నుంచి మొదలైతే ఆ ప్రోగ్రామ్ మధ్యలో ఆగి మళ్ళీ లేచిందని తెలుస్తుంది. మీరు ఈ వారమంతా పడిన టెన్షన్‌కు జవాబు ఆ ఒక్క నంబర్‌లో ఉండేది. దీనితో పాటు ఐదు నిమిషాలకోసారి ఒక ఉత్తుత్తి ప్రయాణికుడిలా సీటు వెతికి, బుక్ చేసి, రద్దు చేసే ప్రోబ్ కూడా పెట్టండి. అమ్మకాల లెక్కలో అది కలవకుండా చూసుకుంటే చాలు.

ఆ కబురు ఆగితే మోగే గంట మాత్రం ఎలాస్టిక్‌సెర్చ్ బయట ఉండాలి. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య, మధ్య పశ్చిమ రాష్ట్రాల్లోనూ కెనడాలోని ఒంటారియోలోనూ దాదాపు ఐదు కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూమ్‌లో మధ్యాహ్నం 2:14కి అలారం సాఫ్ట్‌వేర్ చప్పుడు లేకుండా ఆగిపోయింది. బయట లైన్లు ఒక్కొక్కటే తెగుతున్నా లోపల ఒక్క అలారమూ మోగలేదు. మోగడం లేదు కాబట్టి అంతా బాగుందనుకుని ఆపరేటర్లు గంటకు పైగా కూర్చున్నారు. నాలుగు దాటాక ఆ ప్రాంతంలో చాలా చోట్ల గ్రిడ్ కూలింది. మీ శనివారం రాత్రి కూడా జరిగింది అదే. ఎర్రర్లు రావడం లేదంటే ఎర్రర్లు లేవని అందరూ అనుకున్నారు. ఎలాస్టిక్‌సెర్చ్ డిఫాల్ట్‌గా డిస్క్ 85 శాతం దగ్గర కొత్త షార్డ్‌లు (ఇండెక్స్ ముక్కలు) పెట్టడం మానేస్తుంది, 90 దగ్గర ఉన్నవాటిని వేరే నోడ్‌కు తరలించబోతుంది, 95 దాటితే రాయడమే ఆపేస్తుంది. 80 దగ్గర ఎవరి ఫోనైనా మోగి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే అవసరం వచ్చేది కాదు.

మీ లీడ్‌తో ఎలా మాట్లాడాలన్నది మీరు అడగలేదు, కానీ అసలు భయం అక్కడే ఉందని ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఉత్త చేతులతో వెళ్ళి ‘నేను చేయను’ అనకండి. బుకింగ్ టేబుల్ లెక్క, క్లౌడ్‌వాచ్ లెక్క, సెటిల్‌మెంట్ ఫైల్‌లో దొరికినవి ఒక పేజీలో పెట్టుకుని వెళ్ళండి. ‘అన్నా, ఆ రాత్రి లైన్లు నేను తయారు చేయలేను. కానీ ఆ రాత్రి ఏం జరిగిందో చాలావరకు దొరికింది, చూడు. రిపోర్ట్‌లో లాగ్‌లు ఉన్న 44,300 నిమిషాల లెక్క ఒకటి, మిగతా 340కి ఈ ఆధారాలతో వేసిన అంచనా ఒకటి, విడివిడిగా ఇద్దాం. ట్రావెల్స్ వాళ్ళకు మనమే ముందు చెబుదాం’ అనండి. చాలామంది లీడ్‌లు చెడ్డవాళ్ళు కారు. పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు చేతికందిన దారి పట్టుకుంటారు. ఇంకో దారి కళ్ళముందు పెడితే ఊపిరి పీల్చుకుంటారు. ఒకవేళ అయినా వద్దు, నింపాల్సిందే అంటే, ఆ మాట మెయిల్‌లో రాయమని మర్యాదగా అడగండి. రాసినా సరే, మీరు నడపకండి. ఆ మెయిల్‌తో సెక్యూరిటీ లేదా కంప్లయన్స్ చూసేవాళ్ళ దగ్గరకు వెళ్ళండి. రెండేళ్ళ అనుభవంతో ఇది పెద్ద అడుగని నాకు తెలుసు. ఇంట్లో ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి, ఒంటరిగా మోయకండి.

మీ స్క్రిప్ట్ సంగతి. దాన్ని టెస్ట్ క్లస్టర్‌కు మార్చండి, ‘సింథటిక్’ ఫీల్డ్ చేర్చండి, వేగం పండగ రాత్రికి తగ్గట్టు పెంచండి. వచ్చే శనివారం రాత్రి దాంతో టెస్ట్ డిస్క్‌ను మెల్లగా 95 దాకా నింపండి. 80 దగ్గర గంట మోగిందా, కబుర్లు ఆగిన ఎన్ని నిమిషాలకు డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోన్ మోగింది, ఖాళీ తర్వాత ఎన్ని లైన్లు వెనక్కి వచ్చాయి అన్నవి రాసుకోండి. ఆ కాగితాన్ని ఆడిటర్లు అడగకముందే వాళ్ళ ముందు పెట్టండి. గంట మోగకపోతే ఎక్కడ ఆగిందో నాకు రాయండి, కలిసి చూద్దాం.